నీళ్లు ఎన్నో మెట్టుదాకా వస్తాయి? హంద్రీ ఒడ్డు బస్తీలో ఒక వరద ప్రణాళిక

కర్నూలు పాతబస్తీ వైపు, హంద్రీ నది ఒడ్డునే ఉన్న ఒక బస్తీలో అక్కడి జనంతో కలిసి మేం తయారు చేసిన వరద ప్రణాళిక గురించి ఇది. బస్తీ పేరు కావాలనే రాయడం లేదు. అక్కడ చాలా ఇళ్ల పట్టాల వ్యవహారం ఇంకా తేలలేదు. మేం రాసే మాట ఏదీ ఆ ఫైళ్లలో ఎవరికీ అడ్డం కాకూడదు.

పట్టణ ప్రణాళిక చదువుకుని, పేదల బస్తీల్లో రోడ్లు, కాలువలు, నీళ్ల పనులు చూసే పనిలో ఉన్నాను. విపత్తులను తట్టుకునే నగరాలు, అందరికీ చోటుండే నగరాలు అన్న రెండు మాటలూ ఐక్యరాజ్యసమితి 2015లో పెట్టుకున్న సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో పదకొండోదానిలో పక్కపక్కనే ఉన్నాయి. మన ఊళ్లలో మాత్రం వాటిని రెండు శాఖలు పంచుకున్నాయి. ఇంజనీరింగ్ వాళ్లు గోడ కడతారు, సంక్షేమం వాళ్లు పింఛన్ ఇస్తారు. ఈ బస్తీలో పని చేశాక నాకు బలంగా అనిపించేది ఒక్కటే. మంచం పట్టిన మనిషిని నీళ్లు రాకముందే మిద్దె మీదికి చేర్చగలిగితే ఆ వీధి వరదను తట్టుకున్నట్టు. చేర్చలేకపోతే, ఎంత ఎత్తు గోడ కట్టినా తట్టుకోనట్టే.

మూడు వైపుల నీళ్లు

కర్నూలు పాత ఊరు తుంగభద్ర, హంద్రీ కలిసే మూలలో ఉంది. తుంగభద్ర మీద ఊరికి పాతిక కిలోమీటర్ల ఎగువన సుంకేసుల బ్యారేజీ, ఇంకా పైన మంత్రాలయం, ఆ పైన కర్ణాటకలో హోస్పేట దగ్గర డ్యామ్. హంద్రీ మీద గోనెగండ్ల దగ్గర గాజులదిన్నె ప్రాజెక్టు. ఇవి రెండు వైపులు. మూడోది చాలామందికి తట్టదు: కింద ఉన్న శ్రీశైలం. ఆ జలాశయం పూర్తిగా నిండితే నీరు కర్నూలు వైపు వెనక్కి నిలబడుతుంది. పైనుంచి వచ్చే వరద తొందరగా దిగిపోవడానికి దారి ఉండదు.

2009 అక్టోబర్ 2న ఈ మూడూ ఒకేసారి వచ్చాయి. సెప్టెంబర్ చివర్లో మొదలైన కుండపోత వానలు ఎక్కువగా తుంగభద్ర డ్యామ్‌కు దిగువన పడ్డాయి. వేదవతి, ఇతర వాగులు పొంగి నది మీద పడ్డాయి. డ్యామ్ గేట్ల దగ్గర లెక్క చూసుకుంటూ కూర్చున్నవాళ్లకు ఈ నీళ్లు కనపడవు. సుంకేసుల డిజైన్‌ను మించిన ప్రవాహం వచ్చింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద చేరింది. 885 అడుగుల పూర్తి నీటిమట్టం దాటి 896 అడుగుల పైకి నీరు లేచింది. మంత్రాలయం మునిగింది, అలంపురం మునిగింది, కర్నూలు పాత ఊరు మొదటి అంతస్తు దాకా మునిగింది. 1953 నుంచి మూడేళ్లు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న ఊరి నడివీధుల్లో జనం మిద్దెల మీద ఆకాశం కింద గడిపారు.

బస్తీలో ఆ రోజు గురించి ఎవరిని అడిగినా మొదట చెప్పే మాట ఒకటే: "నీళ్లు గట్టు దాటి రాలేదు సార్, కాలువలోంచి పైకి లేసినాయి." ఇది చాలా ముఖ్యమైన సమాచారం. తుంగభద్ర ఎత్తుగా పారుతుంటే హంద్రీ నీళ్లకు కలవడానికి చోటుండదు. హంద్రీ అక్కడే నిలబడి ఎత్తు పెరుగుతుంది. నదిలోకి పోవాల్సిన మురుగుకాలువలోకి నదే తిరిగి ఎక్కుతుంది. ఒడ్డు ఇంకా పొడిగా ఉండగానే బస్తీ మధ్యలో మ్యాన్‌హోళ్ల నుంచి, బాత్రూమ్ తూముల నుంచి నీళ్లు ఉబుకుతాయి. గట్టు మీద నిలబడి నదిని చూస్తున్న మనిషికి టెన్షన్ ఉండదు. ఆయన వెనక, ఆయన ఇంట్లోకే నీళ్లు వచ్చేసి ఉంటాయి.

అన్నట్టు, ఈ ఊరే ఎండాకాలంలో బిందె నీళ్ల కోసం ట్యాంకర్ దగ్గర నిలబడుతుంది. సుంకేసులలో నిలిచేది 1.2 టీఎంసీలే. అది అడుగంటితే నగరానికి తాగునీటి కష్టమే. అదే ఇళ్లు, అదే ఆడవాళ్లు, ఏడాదిలో రెండు రకాల నీళ్ల కష్టం పడతారు. ఈ రాతలో వరద సంగతే చెబుతున్నా, బస్తీ సమావేశాల్లో సగం మాటలు ట్యాంకర్ గురించే నడిచేవి.

బేల్దారి పైపుతో సర్వే

మేం మొదట చేసిన పని 2009 నాటి నీటి గుర్తులు వెతకడం. గోడలకు సున్నాలు, రంగులు చాలాసార్లు పడ్డాయి. అయినా జనానికి ఆ గుర్తు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలిగేంత గుర్తుంది. ఒకరు తలుపు పైపట్టీ చూపిస్తారు, ఒకరు దేవుడి గూడు, ఒకరు మసీదు గోడ మీద గోరీలకెదురుగా ఉన్న పెచ్చు. ఒక్కో ఇంటి మాట విడిగా తీసుకుంటే అతిశయోక్తి ఉండవచ్చు. నీటికి మాత్రం ఒక గుణం ఉంది, నిలిచిన చోట మట్టంగా నిలుస్తుంది. కాబట్టి వీధి పొడవునా గుర్తులన్నీ ఒకే మట్టంలో ఉంటే అవి నిజమైనట్టే.

దాన్ని సరిచూడటానికి ఖరీదైన పరికరం తేలేదు. బస్తీలో సగం మంది మగవాళ్లు బేల్దారి (తాపీ) పనికి పోయేవాళ్లే. నీళ్లు నింపిన తెల్ల ప్లాస్టిక్ పైపు పట్టుకుని గోడ మట్టం చూడటం వాళ్ల రోజువారీ పని. పైపు ఒక కొస తెలిసిన గుర్తు దగ్గర పట్టుకుంటారు, రెండో కొస తర్వాతి ఇంటి దగ్గర. రెండు కొసల్లో నీళ్లు కదలకుండా నిలిచాక సుద్దతో గీత గీస్తారు. అలా వంతెన స్తంభం నుంచి మొదలుపెట్టి గేరి గేరికీ (గేరి అంటే సందు) మట్టం మోసుకుపోయారు. ఒక పెద్ద మేస్త్రీ పైపులో బుడగ చిక్కుకుంటే ఎంత తప్పు వస్తుందో కుర్రాళ్లకు చూపిస్తూ, గీత గీసే ముందు ప్రతిసారీ పైపును వేలితో తట్టేవారు. చివర్లో సర్వే చేసే ఇంజనీరు ఒకరు వచ్చి తన పరికరంతో కొన్ని చోట్ల పోల్చి చూశారు. మాకు కావలసినంత కచ్చితత్వం ఉంది.

ఫలితం బస్తీవాళ్లనే ఆశ్చర్యపరిచింది. చదునుగా కనిపించే ఒకే వీధికి ఈ చివర నుంచి ఆ చివరకు నడుము ఎత్తు తేడా ఉంది. అందరూ 'పల్లం' అనుకునే ఏటి పక్క వరస కాకుండా, దానికి వెనక ఉన్న గేరి అసలు పల్లం. ఏటి పక్కవాళ్లు ఏళ్ల తరబడి మట్టి పోసుకుని ఎత్తు పెంచుకున్నారు. ఆ వెనక గేరిలో ఎక్కువగా ఉండేది అద్దెవాళ్లు. పత్తికొండ, ఆలూరు వైపు నుంచి పనికి వచ్చి, అద్దె తక్కువని అక్కడ దిగినవాళ్లు. 2009 వరదను చూడనివాళ్లు కూడా వాళ్లే.

గుర్తులు గీయడానికి రంగు ఎంచుకోవడం అనుకున్నంత చిన్న విషయం కాలేదు. పసుపు, నీలం, ఆకుపచ్చ, కాషాయం, ఎరుపు, ఏది వేసినా అది ఒక పార్టీదో ఒక మతానిదో అవుతుంది. గోడ ఇచ్చేవాళ్లకు రేపు తలనొప్పి. చివరికి ఒక పొదుపు సంఘం లీడర్ చెప్పిన మాట నిలిచింది: రంగు వద్దు, నల్ల గీతలే, లెక్కతో తేడా చూపిద్దాం. ఒంటి గీత అంటే నది నీళ్లు మురుగుకాలువలోకి ఎదురెక్కే మట్టం. జంట గీత అంటే పల్లపు గేరిలో గడప తాకే మట్టం. మూడు గీతలు అంటే 2009. చదువు రానివాళ్లకు, రంగులు సరిగా కనపడనివాళ్లకు కూడా ఇదే సులువు. ప్రతి గేరి మొదట్లో చిన్న పలక పెట్టాం: జంట గీతకు నీళ్లొస్తే ఈ గేరిలో ఎన్నో మెట్టు మునుగుతుంది, మూడు గీతలకు వస్తే ఎంత ఎత్తు.

క్యూసెక్కులు మెట్లయ్యాయి

హెచ్చరికలు రావడం లేదని అనలేం. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ నుంచి ఫోన్లకు సందేశాలు వస్తున్నాయి, టీవీలో చెబుతున్నారు, కార్పొరేషన్ ఆటోకు మైకు కట్టి తిప్పుతుంది. చిక్కు ఎక్కడంటే, అందులో వచ్చేది క్యూసెక్కులు. "సుంకేసుల నుంచి ఇన్ని లక్షల క్యూసెక్కులు విడుదల, లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి." ఈ వాక్యం విన్న మనిషి ఏం చేయాలి? తన ఇల్లు లోతట్టా కాదా? బియ్యం డబ్బా అటక మీద పెట్టాలా, పిల్లల్ని తీసుకుని బయలుదేరాలా?

అందుకని బస్తీ కుర్రాళ్లు ఒక నోటు పుస్తకం పెట్టారు. వానాకాలంలో సుంకేసుల దగ్గర ఎంత వదులుతున్నారో ప్రకటించినప్పుడల్లా అది రాస్తారు. గాజులదిన్నె గేట్లు ఎత్తారా లేదా రాస్తారు. శ్రీశైలం మట్టం ఎన్ని అడుగుల్లో ఉందో రాస్తారు. కొన్ని గంటల తర్వాత మురుగుకాలువ మూతి దగ్గర నీళ్లు ఒంటి గీతకు ఎంత కింద ఉన్నాయో కొలిచి రాస్తారు. పుస్తకం పెరిగేకొద్దీ వాళ్లకే ఒక అంచనా ఏర్పడింది. సుంకేసుల నుంచి అదే ప్రవాహం వచ్చినా, హంద్రీ ఖాళీగా ఉన్న రోజు ఒక మట్టం, హంద్రీ కూడా పారుతున్న రోజు ఇంకో మట్టం. శ్రీశైలం నిండి ఉంటే నీళ్లు దిగడానికి పట్టే సమయం వేరు. మూడు ప్రశ్నలూ కలిపి అడగకుండా ఒక్క అంకె చూసి భయపడకూడదు, ధైర్యపడకూడదు అని వాళ్లు మాకే చెప్పడం మొదలుపెట్టారు.

ఈ పుస్తకం అసలు పరీక్షకు నిలిచింది 2024 ఆగస్టులో. 10వ తేదీ రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ నంబరు గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. డ్యామ్ నిండుగా ఉంది. ఒత్తిడి తగ్గించడానికి మిగతా గేట్లు కూడా ఎత్తి, దాదాపు లక్ష క్యూసెక్కులు వదిలారు. ఆదివారం తెల్లవారేసరికి కర్నూలు ఫోన్లన్నీ 'డ్యామ్ పగిలింది' అన్న వాట్సాప్ మెసేజ్‌లతో నిండిపోయాయి. 2009ని చూసినవాళ్లకు ఆ మాట చాలు. కొందరు అప్పటికే మూటలు కట్టుకున్నారు, ఆటోవాళ్లు రేట్లు పెంచేశారు.

నోటు పుస్తకం పెట్టుకున్న కుర్రాళ్లు, ఆర్పీ (పొదుపు సంఘాల పనులు చూసే రిసోర్స్ పర్సన్) అక్క కలిసి ముందు చేసింది పుస్తకంలోని ప్రశ్నలకు జవాబు రాబట్టడం. డ్యామ్ నుంచి లక్ష దాకా. ఆ స్థాయి ప్రవాహం పుస్తకంలో ముందే ఉంది, ఒంటి గీత అందలేదు. హంద్రీ ఉరకడం లేదు. అప్పుడు మసీదు మైకులో, గుడి మైకులో ఒకే ప్రకటన చేయించారు. తెలుగులో ఒకసారి, ఇంట్లో మాట్లాడుకునే ఉర్దూలో ఒకసారి: "గేటు పోయింది నిజమే. డ్యామ్ పగల్లేదు. ఇప్పుడున్న నీళ్లకు ఒంటి గీత కూడా తాకదు. గీత తాకితే మేమే చెబుతాం. ఎవరూ కదలక్కర్లేదు." తర్వాత కొద్ది రోజుల్లోనే గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో స్టాప్‌లాగ్ (గేటు బదులు అడ్డంగా దించే ఇనుప పలక) దించి నీటిని ఆపారు. బస్తీలో ఎవరూ ఇల్లు వదల్లేదు.

ఈ సంఘటనను నేను చాలా పెద్దదిగా చూస్తాను. హెచ్చరిక వ్యవస్థ అంటే జనాన్ని లేపేది అనే అందరం అనుకుంటాం. పడుకోండి అని నమ్మకంగా చెప్పగలగడం కూడా దాని పనే. రోజు కూలి పోగొట్టుకుని, ఆటోకు డబ్బులు పోసి, అనవసరంగా ఒకసారి ఊరు దాటినవాళ్లు, రెండోసారి నిజంగా లేవమన్నప్పుడు లేవరు.

ఎవరు ఎత్తుకుంటారు?

ప్రణాళికలో మేం ఎక్కువ కాలం గడిపింది గీతల దగ్గర కాదు, మనుషుల జాబితా దగ్గర. దానికి కారణం ఒక మాట. పల్లపు గేరిలో ఒక ఆవిడ, పక్షవాతంతో మంచం పట్టిన అత్తగారిని చూసుకుంటూ, టిఫిన్ బండి నడుపుతుంది. మొదటి సమావేశంలో మేం మైకు గురించి, కుర్చీల్లో కూర్చోబెట్టి చక్కగా వివరిస్తుంటే లేచి అడిగింది: "లేయండి, పొండి అని మైకులో చెప్తారు సార్. సరే. మా అత్తను ఎవరు ఎత్తుకుంటారు? ఎత్తుకొని యాడికి పోవాల?"

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఎనిమిదో సెక్షన్ ప్రకారం, జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ దివ్యాంగుల వివరాలు నమోదు చేసి ఉంచాలి, ప్రమాదం వస్తే వాళ్లకు తెలియజేయాలి. మంచి చట్టం. కానీ జిల్లా స్థాయి రిజిస్టర్‌లో పేరుంటే ఆ అత్తగారిని ఎత్తుకునే చేతులు రావు. చేతులు గేరిలోనే దొరకాలి. పొదుపు సంఘాల ఆర్పీలు, ఏఎన్ఎం, వార్డు సచివాలయం సిబ్బంది కలిసి ఇల్లిల్లూ తిరిగి రాశారు: మంచం పట్టినవాళ్లు, డయాలసిస్‌కు పోయేవాళ్లు, నెలలు నిండినవాళ్లు, చెవులు వినపడనివాళ్లు, రాత్రి డ్యూటీకి పోతే ఇంట్లో పిల్లలు ఒంటరిగా ఉండేవాళ్లు. ప్రతి ఒక్కరికీ అదే గేరిలో ఇద్దరేసి మనుషుల్ని, ఎక్కాల్సిన మిద్దెను ముందే మాట్లాడి పెట్టారు. చెవులు వినపడనివారికి మైకు పనికిరాదు, తలుపు తట్టే మనిషి ఉండాలి. మిద్దె యజమానులు ఒప్పుకోవడం సులువు కాలేదు. మెట్లు ఇంటి లోపల నుంచి ఉన్నవాళ్లకు బంగారం, ఆడపిల్లలు, కులం, మతం, అన్ని భయాలూ ఉన్నాయి. మెట్లు బయట నుంచి ఉన్న మిద్దెలే ఎక్కువ ఎంచుకున్నాం. కొత్తగా కట్టుకునే వాళ్లకు మెట్లు బయట పెట్టుకోమని మేస్త్రీల చేతే చెప్పిస్తున్నాం.

జాబితా తయారయ్యాక ఆ ఇళ్ల తలుపుల మీద గుర్తు వేద్దామని ఒక ఆలోచన వచ్చింది. ఒంటరిగా ఉండే ఒక ముసలమ్మ ఒప్పుకోలేదు. "నేను ఒక్కదాన్నే ఉంటానని ఊరంతటికీ చెప్పినట్టే కదా నాయనా" అంది. ఆమె మాటే సరైనది. తలుపుల మీద ఏ గుర్తూ లేదు. పేర్లున్న కాగితం ఆర్పీ దగ్గర ఒకటి, ఏఎన్ఎం దగ్గర ఒకటి, అంతే. సచివాలయం గోడ మీద గీసిన పటంలో గేరులు, గీతలు, మిద్దెలు మాత్రమే ఉంటాయి.

పునరావాస కేంద్రం సంగతి ఆడవాళ్లు తేల్చారు. ప్రతిసారీ ఒక బడిని చూపిస్తారు. అక్కడికి ఆఖరి నిమిషం దాకా ఎందుకు పోరని మగవాళ్లను అడిగితే ఇంట్లో సామాను అంటారు. ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడిగితే మరుగుదొడ్డి అన్నారు. లోపల గడియ లేదు, రాత్రి లైటు లేదు, నీళ్లుండవు. నెలసరిలో ఉన్న అమ్మాయి అక్కడికి పోవడం కంటే నీళ్లలో ఉండటమే మేలనుకుంటుంది. గడియలు, లైటు, నీళ్ల డ్రమ్ముకు అయిన ఖర్చు చాలా తక్కువ. ర్యాంపు కూడా అడిగాం, బడి గేటు దగ్గర వేశారు, మరుగుదొడ్డి దగ్గర మాత్రం మెట్లు అలాగే ఉన్నాయి. మేకల కోసం బడి ప్రహరీ పక్కన చోటు చూపించాక మేకలున్న ఇళ్లవాళ్లూ వస్తామన్నారు. మేకను వదిలి రమ్మనడం అంటే బ్యాంకు డబ్బులు వదిలి రమ్మన్నట్టే వాళ్లకు.

కాగితాల గురించి ఒక్క మాట. 2009లో పోయిన వస్తువుల్లో జనం ఇప్పటికీ బాధపడేది టీవీల గురించి కాదు, పదో తరగతి సర్టిఫికెట్లు, ఇంటి కాగితాల గురించి. ఇప్పుడు ప్రతి ఇంట్లో ఒక జిప్ కవరు దూలానికి వేలాడుతోంది.

గోడ, గట్టు

సమావేశాల్లో ప్రతిసారీ వచ్చే డిమాండ్ రక్షణ గోడ. న్యాయమైన డిమాండే. కానీ గోడ ఒక్కటే కడితే బస్తీ గిన్నె అవుతుంది: నది లోపలికి రాదు, వీధిలో పడ్డ వాన బయటికి పోదు. మురుగుకాలువ మూతికి, నది ఎత్తు పెరిగితే తనంతట మూసుకునే తలుపు, లోపలి నీళ్లు తోడే మోటారు, రెండూ గోడతో పాటే ఉండాలి. గోడలున్నా ఊరు మునగొచ్చని కడప చూసింది. 2020 నవంబర్‌లో నివర్ తుపాను వానలకు బుగ్గవంక పొంగి కాలనీల్లోకి వచ్చింది. 2022 అక్టోబర్‌లో అనంతపురంలో నడిమివంక పొంగింది. అక్కడ మా నోటు పుస్తకం పద్ధతి ఉన్నదున్నట్టు పని చేయదు. నది వరద రావడానికి గంటలు పడుతుంది, వంక వరదకు అంత వ్యవధి ఉండదు. పైన చెరువు మరవ పారడం (నిండి పొర్లడం) మొదలైన క్షణం నుంచే లెక్క మొదలవ్వాలి, ఆ చెరువు దగ్గర ఫోన్ చేసే మనిషి ఉండాలి.

రెండో చర్చ ఊరి బయటికి పోవడం. జగన్నాథగట్టు మీద ప్రభుత్వం పేదలకు కట్టించిన టిడ్కో ఇళ్లు ఉన్నాయి. గట్టు మీద వరద భయం లేదు. పోదామనేవాళ్లున్నారు, పోమనేవాళ్లున్నారు. పాచి పని, టిఫిన్ బండి, మండీ హమాలీ, ఇవన్నీ పాత ఊరిలోనే. ఇంటి నుంచి పనికి నడిచి పోయే మనిషి రోజూ రెండు పూటలా ఆటో ఎక్కాలి. పోవాలా వద్దా అన్నది ఇల్లిల్లూ విడిగా తేల్చుకోవాలని నా అభిప్రాయం. పోయేవాళ్లకు బస్సు, బడి, పని దొరికే దారి ముందే ఉండాలి. ఉండిపోయేవాళ్లను 'ఆక్రమణదారులు' అని వదిలేసి వాళ్ల కాలువ బాగు చేయకపోవడం అన్యాయం. నదికి ఆనుకుని, జంట గీత కంటే కింద ఉన్న కొద్ది ఇళ్ల విషయంలో మాత్రం నేను ఖచ్చితంగా చెబుతాను: అక్కడ మనుషులు నిద్రపోకూడదు. ఆ మాట వాళ్లతోనూ చెప్పాను. అందరూ ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఎక్కడ ఉంది

జాబితా ప్రతి జూన్‌లో కొత్తగా రాయాలి. సొంత ఇళ్లవాళ్ల వివరాలు పెద్దగా మారవు. అద్దెవాళ్లు మారుతూనే ఉంటారు, రేషన్ కార్డు సొంతూళ్లో ఉంటుంది కాబట్టి సచివాలయం లెక్కల్లోకి రారు. ఇంటి యజమానులు కొత్త అద్దెవాళ్ల వివరం ఆర్పీకి చెప్పాలని బస్తీ సమాఖ్యలో తీర్మానం చేశారు. కొందరు చెబుతున్నారు. ఆర్పీకి ఈ పనికి విడిగా గౌరవ వేతనం లేదు, అది ఉండాలని రాతపూర్వకంగా అడిగాం. మూడు లక్షలు దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని 74వ రాజ్యాంగ సవరణ చెబుతోంది, కర్నూలు 2011 లెక్కల్లోనే నాలుగు లక్షలు దాటింది. ఈ పటం, ఈ జాబితా బాధ్యత ఆ కమిటీకి అప్పగించాలన్నది మా రెండో విజ్ఞప్తి.

మురుగుకాలువ మూతికి తలుపు పెట్టే పనికి అంచనా తయారైంది, మంజూరు రావాలి. అది వచ్చేలోపు, ఒంటి గీత అందుకునే సూచన ఉంటే ఇసుక బస్తాలతో మూతి కట్టడానికి బస్తాలు, ఇసుక సచివాలయం వెనక సిద్ధంగా పెట్టారు. టిఫిన్ బండి ఆవిడ అత్తగారిని ఎత్తడానికి ఎదురింటి అన్నదమ్ములు ఇద్దరు ఒప్పుకున్నారు, పక్కింటి మిద్దె మెట్లు బయట నుంచే ఉన్నాయి. మడత మంచం కాళ్లు తీసేసి, దాన్నే స్ట్రెచర్‌లా పట్టుకుని మెట్లెక్కడం ఒకసారి చేసి చూశారు. మెట్ల మలుపు దగ్గర మంచం పట్టలేదు. ఇప్పుడు దుప్పటికి నాలుగు మూలలా తాళ్లు కుట్టిస్తున్నారు.